రాకపోకలా, రద్దీనా?

సందేహం: మాది హన్మకొండ. హైదరాబాదులో చిప్ డిజైన్ పని చేస్తున్నాను. చిప్ లోపల ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య డేటా ఎట్లా తిరుగుతోందో చూసి, ఎక్కడ ఆగిందో పట్టుకోవడం మా పని. దీని గురించి ఇంజినీరింగ్ పిల్లలకు తెలుగులో చెప్పాలని, ఇంగ్లీషులో ట్రాఫిక్ మానిటరింగ్ అనేదానికి 'చిప్‌లో రద్దీ పర్యవేక్షణ' అని పేరు పెట్టాను. సరైనదేనా? డేటా ఇచ్చే భాగమూ తీసుకునే భాగమూ ఒకదానికొకటి సిద్ధమని తెలుపుకునే 'హ్యాండ్‌షేక్'ను కరచాలనం అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: పూర్తిగా తప్పనను గానీ అమ్మా, ట్రాఫిక్ మాట కనపడగానే రద్దీ అని రాసేయడం ఈమధ్య అందరికీ జబ్బులా పట్టుకుంది. పొద్దున తొమ్మిదింటికి హన్మకొండ చౌరస్తాలో ఉండేది రద్దీ. అర్ధరాత్రి అదే రోడ్డు మీద రెండు లారీలు పోతే అదేం రద్దీ? మీ చిప్‌లో దారులు ఖాళీగా ఉన్నప్పుడూ మానిటర్ (డేటా కదలికను గమనించే సర్క్యూట్) లెక్క రాసుకుంటూనే ఉంటుంది కదా. దానికి 'రాకపోకలు' అనే చక్కని మాట ఉంది. చిప్ డిజైన్ కంపెనీ ఆర్మ్ వాళ్లు 2003లో తెచ్చిన ఏఎక్స్ఐ అనే పద్ధతిలో (చిప్ లోపలి భాగాలు డేటా ఇచ్చిపుచ్చుకునే తీరు అది) అయితే మాస్టర్, అంటే ప్రాసెసర్‌లా డేటా అడిగే భాగం, వైపు నుంచి చూస్తే పోకకు మూడు దారులు (చదివే అడ్రస్, రాసే అడ్రస్, రాసే డేటా), రాకకు రెండు (చదివిన డేటా, రాసినదానికి జవాబు). ఇంతకంటే అతికే మాట ఏముంటుంది?

ఇక ఈ 'రాక' సంగతి. తమిళులు వరు అంటారు, కన్నడిగులు బరు అంటారు, మనం మాత్రం రా అంటాం. మూలంలో ఉన్నది వర్. రేఫ (ర్ ధ్వని) ముందుకు జరిగి వ్రా అయింది, తర్వాత వకారం జారిపోయి రా మిగిలింది. ఉరల్ రోలు అయినట్టే, ఇరండు రెండు అయినట్టే. ఆ రా మీద క చేరితే రాక, అంటే రావడం. అదే రా మీద వ్యతిరేకార్థంలో అక చేరినా సంధి కలిసి మళ్లీ రాకే, ఈసారి రాకుండా అని! నడకకూ నడవకకూ, కోరికకూ కోరకకూ తేడా తెలుస్తుంది గానీ రా, పో లాంటి ఒంటి దీర్ఘాల దగ్గర రెండూ ఒకటైపోతాయి. 'బస్సు రాక ఆలస్యమైంది' అన్నాననుకోండి, బస్సే లేటుగా వచ్చిందా, బస్సు అసలు రాకపోవడంతో నాకు లేటయిందా? పేపర్లవాళ్లు దీన్ని పట్టించుకోరు. (పోకకు వక్క అనే అర్థమూ ఉంది, దానితో మనకు పనిలేదు.)

మీకు మాత్రం ఈ తేడాతోనే బతుకు. జవాబు ఆలస్యంగా వస్తున్నా, అసలు రాకపోయినా బయటినుంచి చూసేవాడికి ప్రాసెసర్ బిగుసుకుపోయినట్టే ఉంటుంది, లోపలి తీగలకు ప్రోబ్ (కొలిచే పరికరం మొన) తగిలించి చూద్దామంటే కుదరదు. అందుకే డిజైన్‌లోనే మానిటర్ పెడతారు. అది పోయిన ప్రతి అడ్రస్‌కూ ఐడీ, టైమ్ గుర్తుపెట్టుకుని, జవాబు రాగానే కొట్టేస్తుంది. కొట్టేయకుండా మిగిలినవాటి లెక్క తగ్గక, గడువూ దాటితే ఇక అది రాని రాకే. చిప్‌లో ఈ లెక్కలు దాచే ట్రేస్ మెమరీ చిన్నది కనుక పాతవి చెరిగిపోతుంటాయి, ట్రిగ్గర్ (రికార్డు ఆపమనే సంకేతం) పడ్డప్పుడు చివరివి కొన్నే దొరుకుతాయి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మనవాళ్లు అన్నారు గానీ మీవాళ్లు క్లాక్ సైకిళ్లలో (చిప్ గడియారం టిక్కుల్లో) లెక్కపెట్టి చెబుతున్నారు, సంతోషం! పిల్లలకు రాసేటప్పుడు వచ్చేదాన్ని 'రాకడ' అనీ, రానిదాన్ని 'రాకపోవడం' అనీ విడదీయండి.

పర్యవేక్షణ అధికారి చేసేది, అందులో అదుపాజ్ఞలున్నాయి. మీ మానిటర్ ఎవరినీ ఆపదు, చూస్తుంది అంతే. 'కనిపెట్టడం' అనండి, కాపు కాయడమూ జాడ తీయడమూ రెండూ అందులోనే ఉన్నాయి. అయితే 'కొత్తగా కనిపెట్టారు' అనే అర్థం ముందు తడుతుందేమోనన్న అనుమానం నాకూ ఉంది.

కరచాలనం మాత్రం వద్దు, అది సభల్లో నాయకులు చేసుకునేది. ఇక్కడ డేటా ఇచ్చేవాడు వ్యాలిడ్ అనే సిగ్నల్ ఎత్తాలి, తీసుకునేవాడు రెడీ అనే సిగ్నల్ ఎత్తాలి, ఒకే క్లాక్ అంచున రెండూ ఉంటేనే సరుకు చేతులు మారుతుంది. రెడీ కనపడేదాకా వ్యాలిడ్ ఎత్తనని ఇచ్చేవాడు కూర్చోకూడదన్నది నియమం, ఇద్దరూ అట్లా కూర్చుంటే అంతా బందే. హ్యాండ్‌షేక్‌ను హ్యాండ్‌షేక్‌గానే ఉంచండి. రద్దీని కూడా పారేయనక్కర్లేదు, బఫర్లు (డేటా కాసేపు ఆగే చోట్లు) నిండి వెనకవి ఆగిపోయిన చోట అది సరిగ్గా సరిపోతుంది.