నావిక్ పట్టని రోవర్: కేసు విశాఖలోనా, పర్లాకిమిడిలోనా?

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ప్రైవేటు సర్వేయర్‌ని. 14 నెలల క్రితం విశాఖలో 1,85,000 రూపాయలు పెట్టి జీఎన్‌ఎస్‌ఎస్ రోవర్ (ఉపగ్రహ సిగ్నళ్లతో స్థలాలు కొలిచే పరికరం) కొన్నాను. బ్రోషర్‌లో 'నావిక్ సపోర్ట్' అని, అంటే మన దేశపు నావిగేషన్ ఉపగ్రహాల సిగ్నళ్లూ పడుతుందని ఉంది. ఇంతవరకు ఒక్క నావిక్ ఉపగ్రహమూ కనిపించలేదు. 'అప్‌డేట్ వస్తుంది' అని షాపువాళ్లు తిప్పుతున్నారు. బిల్లు మీద 'వివాదాలు విశాఖ కోర్టుల పరిధిలోనే' అని అచ్చు వేశారు. నాకు దారేది?

జవాబు: కేసు కోసం విశాఖ వెళ్లనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట, పనిచేసుకునే చోట కూడా కేసు వేయొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్ మీ ఊళ్లోనే ఉంది. బిల్లు మీది ఆ ముక్క ఈ హక్కును తీసేయలేదు. సరుకు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు.

'వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారే కాదు' అని అవతలి వకీలు తప్పకుండా అంటారు. బతుకుతెరువు కోసం స్వయంగా వాడుకునే పనిముట్టుకు ఆ వాదన నిలవదని 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కుర్రాళ్లను పెట్టి నాలుగైదు రోవర్లు తిప్పేవారైతే మాత్రం కష్టమే.

అసలు చిక్కు రుజువు దగ్గరే. 'నావిక్' అంటే ఒక్క సిగ్నల్ కాదు. ఎల్5 (1176.45 మెగాహెర్ట్జ్), ఎస్ (2492.028) మొదటి నుంచీ ఉన్నవి. ఎల్1 (1575.42) కొత్త తరం ఉపగ్రహాల నుంచే వస్తుంది, వాటిలో మొదటిది ఎన్‌వీఎస్-01, 2023 మే 29న ఎగిరింది. 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. కాబట్టి డేటాషీట్‌లో ఎల్1 ఒక్కటే రాసి ఉంటే, తెర మీద ఒకటే ఉపగ్రహం కనిపించడం షాపు తప్పు కాదు. ఎల్5 అని రాసి ఒక్కటీ పట్టకపోతే మీ కేసు గట్టిది. యాంటెన్నా, లోపలి ఫిల్టరు ఆ పౌనఃపున్యానికి చేసినవి కాకపోతే ఏ అప్‌డేటూ దాన్ని తెచ్చిపెట్టలేదు. అప్పుడు ఆ బ్రోషర్ మాటే అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది.

ముందు సెట్టింగుల్లో నావిక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, ఇక్కడే నవ్వులపాలైనవాళ్లున్నారు. తర్వాత చెట్లూ మేడలూ లేని చోట గంటసేపు రికార్డు చేసి రైనెక్స్ ఫైలు (ఏ ఏ ఉపగ్రహాల సిగ్నళ్లు పట్టిందో వరుసలుగా ఉండే ఫైలు) తీయండి. జీపీఎస్ వరుసలు ఇంగ్లీషు 'జీ'తో, నావిక్ వరుసలు 'ఐ'తో మొదలవుతాయి. 'ఐ' వరుసలు ఉంటే రోవర్ నావిక్‌ను పడుతున్నట్టే. బేస్ (తెలిసిన చోట ఉంచే రెండో రిసీవర్) నుంచి నావిక్ కరెక్షన్ రాక ఫిక్స్‌లో, అంటే కచ్చితమైన స్థానం లెక్కించడంలో, అది వాడుకోకపోవడం వేరే సంగతి. ఫైలు, స్క్రీన్‌షాట్లతో పాటు ఎలక్ట్రానిక్ రుజువులకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కూడా పెట్టండి.

సీలు విప్పకండి. రిపేరుకు ఇవ్వాల్సి వస్తే సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ రాసిన జాబ్‌షీట్ తీసుకోకుండా ఇవ్వొద్దు. మధ్యలో వెర్షన్ మారితే మీ రుజువు పోయినట్టే. కమిషన్ తనంతట తానే లాబ్‌కు పంపించగలదు, ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాలి.

షాపుకూ తయారీదారుకూ స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు ఇవ్వండి. బ్రోషర్ తయారీదారుదే కాబట్టి ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. కొత్తది ఇవ్వమని, లేదంటే వడ్డీతో డబ్బు వాపసు ఇమ్మని అడగండి. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేసు వేయడానికి గడువు రెండేళ్లు. 'అప్‌డేట్ వస్తుంది' అన్న హామీలతో అది ఆగదు. కొన్న రోజు నుంచి లెక్కేసుకుంటే మీకు మిగిలింది పది నెలలే.