చిట్టీ పైసలన్నీ బ్యాంకుకు కట్టి, ఫీజులకు యాప్ లోనా?

ప్రశ్న: మేం కాజీపేటలో ఉంటాం. మా ఆయన హన్మకొండలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో పనిచేస్తారు, జీతం 23 వేలు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, సగటున నెలకు 5 వేలు వస్తాయి. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ మాతోనే ఉంటారు. కిరాయి, కిరాణా, బడి ఆటో, అత్తమ్మ బీపీ, షుగర్ మందులు అన్నీ కలిపి నెలకు 22 వేలు అవుతాయి. పర్సనల్ లోన్ ఇంకా 94,500 ఉంది. వడ్డీ 15 శాతం, నెలకు 3,800 చొప్పున ఇంకా 30 కిస్తీలు కట్టాలి. కిందటి దసరాకు మా ఆయన బోనస్, నా కుట్టు పైసలు కలిపి 35 వేలు ఈ లోన్‌కే కట్టి కొంత తగ్గించుకున్నాం. నవంబరులో చిన్నబాబుకు డెంగీ వస్తే తెలిసినాయన దగ్గర 40 వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాం. క్రెడిట్ కార్డు మీద 22 వేలు ఉంది, నెలకు 1,100 మినిమం కడుతున్నాం. కొన్ని నెలలు చిట్టీ కిస్తీకి సర్దుబాటు కాక కిరాణా కార్డు మీద తెచ్చాం. ఆ లక్ష రూపాయల చిట్టీ ఇప్పుడు అయిపోయి చేతికి 95 వేలు వచ్చాయి. దాంతో పర్సనల్ లోన్ మూసేద్దామని మా ఆయన అంటున్నారు. జూన్‌లో పిల్లల ఫీజులు, పుస్తకాలకు 12 వేలు కావాలి. దానికి ఫోన్ యాప్‌లో 15 వేలు తీసుకుంటే మూడు నెలల్లో తీరిపోతుందట. ఇలా చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: వద్దు. చిట్టీ డబ్బుతో పర్సనల్ లోన్ మూసేయకండి. యాప్ సంగతైతే ఆలోచన కూడా మానేయండి.

మీ ఉత్తరంలో దసరా తర్వాత వెంటనే నవంబరు వస్తుంది. మీరు రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నట్టు రాశారు. నాకు మాత్రం రెండూ ఒకటే. దసరాకు ఇంట్లో 35 వేలు ఉన్నాయి. అవన్నీ ఊడ్చి బ్యాంకుకు కట్టారు. నెల తిరక్కుండా పిల్లవాడికి జ్వరం వచ్చింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమన్నారు. బ్యాంకుకు కట్టిన డబ్బును వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు కదా! అందుకే మిత్తికిచ్చే ఆయన గడప ఎక్కాల్సి వచ్చింది. ఆ 35 వేలు మీ దగ్గరే ఉండుంటే బయట తెచ్చేది 5 వేలే.

లెక్క చూడండి. 35 వేలు ముందే కట్టినందుకు ఆరు నెలల్లో మీకు మిగిలిన బ్యాంకు వడ్డీ సుమారు 2,600. అదే ఆరు నెలల్లో మిత్తికి కట్టింది నెలకు 1,200 చొప్పున 7,200. అసలు 40 వేలు అలాగే ఉంది, ఒక్క రూపాయి తగ్గలేదు. అప్పు తొందరగా తీర్చాలన్న మీ ఆరాటాన్ని నేను తప్పు పట్టను. కానీ చేయి ఖాళీ చేసుకుని అప్పు తీర్చే ఇల్లు, మొదటి జ్వరానికే అంతకంటే ఖరీదైన అప్పులో పడుతుంది. నాకు వచ్చే ఉత్తరాల్లో ఇదే కథ మళ్లీ మళ్లీ చదువుతుంటాను. జ్వరం బదులు ఒకసారి బండి రిపేరు, ఒకసారి జీతం ఆలస్యం, అంతే తేడా. ఇప్పుడు మీరు అదే పనిని 95 వేలతో చేయబోతున్నారు.

పర్సనల్ లోన్ పోతే నెలకు 3,800 మిగులుతుందని మీ ఆయన వాదన అనుకుంటాను. ఆ మాట నిజమే. మిత్తి, కార్డు రెండూ తీర్చినా మిగిలేది 2,300 మాత్రమే. పైకి చూస్తే ఆయనదే రైటు. కానీ లోన్ మూయడానికి 94,500 సరిపోదు. గడువుకు ముందే మూస్తే చార్జీ ఉంటుంది. మీరు పంపిన లోన్ కాగితంలో 3 శాతం, దాని మీద జీఎస్టీ అని ఉంది, అంటే ఇంకో 3,345. మొత్తం 97,845. చిట్టీ డబ్బు అక్కడికే 2,845 తక్కువ. దానికి ఫీజుల 12 వేలు కలిపితే మీకు కావలసింది 14,845. యాప్ వాళ్లు 15 వేలు అని చూపించినా, మీరు పంపిన స్క్రీన్‌షాట్ ప్రకారం ప్రాసెసింగ్ ఫీజు కోసుకుని ఖాతాలో వేసేది 13,650. ఇంకా దాదాపు 1,200 ఎవరినో అడగాలి!

తిరిగి కట్టేది మూడు నెలలు, నెలకు 5,450. మిత్తి 1,200, కార్డు 1,100 పోగా మీ ఇంట్లో అప్పటికి మిగిలేది 3,700. అంటే నెలకు 1,750 చొప్పున కొరత. అది మళ్లీ కార్డు మీదికే వెళ్తుంది, అప్పటికి ఇంట్లో చిల్లిగవ్వ ఉండదు, ఆ మూడు నెలలూ వానాకాలం, దోమల కాలం.

ఇక ఆ యాప్ వడ్డీ ఎంతో మీరు లెక్క వేసుకున్నారా? 13,650 తీసుకుని మూడు కిస్తీల్లో 16,350 కట్టడమంటే నూటికి నెలకు తొమ్మిదిన్నర రూపాయల మిత్తి. వీధిలో ఎవరైనా తొమ్మిదిన్నర అంటే తిట్టి పంపిస్తారు. ఫోన్‌లో రంగురంగుల బొమ్మ వేసి 'కేవలం 5,450' అంటే మాత్రం బొటనవేలు ఆగదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం యాప్‌లో ఇచ్చే అప్పుకు అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతమో ముందే ఒక పత్రంలో చూపాలి. ఆ పత్రం తెరిచి మీ ఆయనకు చూపించండి, నేను చెప్పక్కర్లేదు. మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు చూస్తామని అడిగే యాప్ అయితే వడ్డీ ఎంతైనా సరే, తీసేయండి. బెదిరింపు ఫోన్లు వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. అసలు అంతదాకా ఎందుకు తెచ్చుకోవాలి?

ఈ 95 వేలు ఎటు పోవాలంటే, ముందుగా 25 వేలు తీసి పక్కన పెట్టండి. అన్ని బాకీలూ కట్టాక మిగిలితే పెడదామనుకుంటే ఎప్పటికీ మిగలదు. తర్వాత ఫీజులకు 12 వేలు. తర్వాత మిత్తి ఆయనకు 40 వేలు, మొత్తం అసలు. మిగిలిన 18 వేలు కార్డుకు. కార్డు మీద ఇంకా 4 వేలు ఉంటుంది, అది నెలనెలా మిగిలే డబ్బుతో రెండు నెలల్లో పోతుంది.

పక్కన పెట్టిన 25 వేలల్లోంచి ఆ 4 వేలు కూడా కట్టేస్తే కార్డు వడ్డీ తప్పుతుంది కదా అని ఎవరో ఒకరు అంటారు. తప్పుతుంది, నెలకు ఓ 165 రూపాయలు. మీ ఇంటికి ఆ 4 వేలు దగ్గర ఉండటమే ముఖ్యం. ఐదుగురున్న ఇంటికి, నెల ఖర్చే 22 వేలు ఉన్నప్పుడు, 25 వేలు అంటే ఒక నెల ఊపిరి, అంతే. నన్నడిగితే మూడు నెలల ఖర్చు, అంటే 66 వేలు ఉండాలి. కార్డు సున్నా అయ్యాక నెలకు మిగిలే 2,200 అక్కడికే వెళ్లాలి. బతుకమ్మ ముందు, పెళ్లిళ్ల ముందు మీ మిషన్ రాత్రిళ్లు కూడా ఆడుతుంది కదా, ఆ పైన వచ్చేది కూడా అక్కడికే. అది నిండేదాకా పర్సనల్ లోన్‌కు నెల కిస్తీ తప్ప ఒక్క రూపాయి ఎక్కువ కట్టొద్దు. నిండాక, అప్పుడు మీ ఆయన మాట ప్రకారం ఆ లోన్ మీద పడదాం.

ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచితే రెండో శనివారానికి కనిపించదు. ఫోన్‌పే, గూగుల్‌పేకు కలపని ఖాతా కావాలి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా చాలు, మీ పేరు మీదే తెరవండి. అర్ధరాత్రి పోస్టాఫీసు తెరిచి ఉండదు కాబట్టి 5 వేలు నగదుగా బీరువాలో ఉంచి, 20 వేలు అక్కడ వేయండి. దీన్ని ఎప్పుడు ముట్టుకోవాలో ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి. ఆసుపత్రి, జీతం ఆగడం, కుట్టు మిషన్ మోటారు కాలిపోవడం, వీటికి తీయొచ్చు. ఆడబిడ్డ ఇంట్లో చీరల ఫంక్షన్‌కు పెట్టుబడులు, మేడారం ప్రయాణం వీటికి కాదు. జాతర రెండేళ్లకోసారి వస్తుందని అందరికీ తెలుసు, అది అత్యవసరం ఎలా అవుతుంది? ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది కదా అంటారేమో. ఉండాలి, కార్డు సరిచూసుకోండి. కానీ చేరకముందు చేసే పరీక్షలు, రానుపోను ఆటోలు, ఆసుపత్రి దగ్గర మనిషి తిండి, పోయిన మీ వారం రోజుల కుట్టు కూలి, ఇవన్నీ చేతి డబ్బే.

మిత్తి, కార్డు ముందు ఎందుకంటే, ఆ రెండూ కలిపి 62 వేలే అయినా ఏడాదికి మీ దగ్గర గుంజేది సుమారు 25 వేలు. 94,500 ఉన్న బ్యాంకు లోన్‌కు రాబోయే ఏడాదిలో వడ్డీ దాదాపు 12 వేలు. పెద్దగా కనబడే అప్పు మీకు తక్కువ ఖరీదుది. కార్డుకు మీరు కట్టే 1,100లో నెలకు మూడున్నర శాతం వడ్డీ, దాని మీద జీఎస్టీ పోను అసలుకు జమ అయ్యేది 200 కూడా లేదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని రోజులు ఉండవు, గీకిన రోజు నుంచే వడ్డీ. కిరాణాకు ఆ కార్డు ఇక తీసుకెళ్లొద్దు. అసలు కార్డు మీద 42 శాతం కడుతూ చిట్టీలో పొదుపు చేశారంటే ఆ చిట్టీ మీకు ఏం మిగిల్చినట్టు? చిట్టీ కంపెనీ నుంచి కొత్త గ్రూపులో చేరమని ఫోన్ వస్తుంది, ఈ వారంలోనే వస్తుంది. ఆ 66 వేలు నిండేదాకా చేరనని చెప్పండి.

మిత్తి ఆయనకు డబ్బు ఇచ్చేటప్పుడు కాస్త జాగ్రత్త. నెల మిత్తి తేదీకి రెండు మూడు రోజుల ముందే వెళ్లండి. మొత్తం ఒకేసారి ఇస్తున్నాం కాబట్టి ఈ నెల మిత్తి వదిలేయమని అడగండి, అడిగితే పోయేదేం లేదు. నగదు వద్దు, బ్యాంకు ద్వారా పంపండి. ప్రోనోటు రాసి ఉంటే దాని వెనక చెల్లు రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించి, ఆ నోటు ఇంటికి తెచ్చుకోండి. సంతోషంలో అక్కడే చింపేయకండి, దాచండి. ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే అది చేతికి వచ్చాకే లేవండి. 'ఎక్కడో పెట్టాను, తర్వాత ఇస్తా' అంటే, దొరికినప్పుడే వస్తానని డబ్బుతో వెనక్కి రండి.

బంగారం బ్యాంకులో పెట్టి మిత్తి అప్పు తీర్చమని కొందరు చెబుతారు, వడ్డీ తక్కువే, కానీ మీకు ఇప్పుడు ఆ అవసరం లేదు. ఇకముందు తప్పనిసరిగా అప్పే కావాల్సి వస్తే మీ మహిళా సంఘంలో అడగండి, యాప్ కంటే, మిత్తి కంటే చాలా చవక. ఖర్చులు తగ్గించుకోండని నేను చెప్పడం లేదు, ఐదుగురికి 22 వేలల్లో కోయడానికి నాకేమీ కనిపించలేదు.

ఒక విషయం మీరు అడగలేదు. ఈ ఇల్లు మీ ఆయన 23 వేల మీద నడుస్తోంది, ఆయనకు బీమా ఉందో లేదో మీరు రాయలేదు. జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ ఉండకపోవచ్చు. పెద్ద టర్మ్ పాలసీ తర్వాత చూద్దాం. ఆయన జీతం పడే బ్యాంకులోనే కేంద్ర ప్రభుత్వ బీమాలైన జీవన్‌జ్యోతి (ప్రాణ బీమా, 436 రూపాయలు), సురక్ష (ప్రమాద బీమా, 20 రూపాయలు) ఫారాలు నింపించండి, మీకు కూడా. ఇద్దరికీ కలిపి ఏడాదికి 912. ఇవి జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి, డబ్బు ఖాతాలోంచి మే నెలాఖరులో దానంతటదే కోతపడుతుంది. నెలాఖరున ఖాతా ఖాళీగా ఉంటే పాలసీ ఆగిపోతుంది. అందుకని ఏటా మే నెలలో కిరాయి కట్టేటప్పుడు ఇద్దరి ఖాతాల్లోనూ 456 చొప్పున ఉండేలా చూసుకోండి.