ఇండియాలో చిన్న టీమ్‌తో పెద్ద స్థాయి వీడియో గేమ్ చేయడం సాధ్యమేనా?

ముమ్మాటికీ సాధ్యమే. పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ అనే స్టూడియో 'రాజీ' గేమ్‌తో చేసి చూపించింది కూడా.

నేను హైదరాబాద్‌లో ఓ ఔట్‌సోర్సింగ్ స్టూడియోలో చాలా ఏళ్లు త్రీడీ ఆర్టిస్టుగా పనిచేశాను. విదేశీ గేముల్లో హీరో పరిగెత్తే సందులు, పీపాలు, విరిగిన కుర్చీలు మావే. తలుపు గొళ్లెం మీద తుప్పు సరిగ్గా రాలేదని వారమంతా దిద్దించేవారు. తీరా గేమ్ రిలీజయ్యాక క్రెడిట్స్ చివరిదాకా చూసినా మా పేర్లు ఉండేవి కావు. ఇంత పనితనం ఉన్న ఊళ్లో సొంత గేములు ఎందుకు రావట్లేదో ఆలోచించండి.

నోడింగ్ హెడ్స్ వాళ్లు 2017లో 'రాజీ' కోసం కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో జనాన్ని డబ్బు అడిగితే టార్గెట్ చేరలేదు. వ్యవస్థాపకుల్లో ఒకరు ఫ్లాట్ అమ్మి మరీ పని ఆగకుండా చూశారు. గేమ్ 2020 ఆగస్టులో ముందు నింటెండో వాళ్ల గేమ్ మెషీన్ స్విచ్‌లో, అక్టోబరులో పీసీ, మిగతా మెషీన్లలో వచ్చింది. ఆ ఏడాది 'ది గేమ్ అవార్డ్స్' అనే అంతర్జాతీయ అవార్డుల్లో బెస్ట్ డెబ్యూకి (స్టూడియో తొలి గేమ్‌కి ఇచ్చేది) నామినేట్ అయింది.

నేనది ఆడుతుంటే అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మాది ధర్మవరం దగ్గర, తోలుబొమ్మలకి పేరుపడ్డ నిమ్మలకుంట ఉన్న వైపు. ఆ గేమ్‌లో కథ చెప్పే సీన్లు తోలుబొమ్మలాటలా నడుస్తాయి. "ఏందిరా ఇది, నిమ్మలకుంట బొమ్మలు టీవీలోకి వచ్చినాయే!" అని చేట పక్కన పెట్టేసింది. తమ్ముడి కోసం గేమ్‌లోని రాజీ అనే పిల్ల కోటగోడలు ఎక్కుతుంటే, "దుర్గమ్మ త్రిశూలం ఇచ్చింది కదా, ఇంకేం భయంలే" అని నాకే ధైర్యం చెప్పింది. కాకపోతే దుర్గ, విష్ణువు మాట్లాడేది ఇంగ్లీషులో. ప్రతి మాటా నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. 2022 ఎడిషన్‌లో డబ్బింగ్ పెట్టారు, అదీ హిందీలోనే. పెద్ద సినిమాలని నాలుగైదు భాషల్లోకి డబ్ చేసే మనకి గేముల దగ్గరికి వచ్చేసరికి ఈ పిసినారితనం ఎందుకు?

ఇంకో బాధ. గేమ్ కంపెనీ పెడతానని లోన్‌కి వెళ్తే బ్యాంకాయన "రమ్మీ లాంటిదా?" అన్నాడు. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు, అయినా గేమింగ్ అనగానే అదే గుర్తొస్తుంది. మన దగ్గర చిన్న స్టూడియోలు మూతపడేది ఇలా డబ్బు పుట్టకే, టాలెంట్ లేక ఎంతమాత్రం కాదు.

కాబట్టి మీరు టీమ్ పెడితే ముందు రెండేళ్ల జీతాలకి సరిపడా డబ్బు చూసుకోండి. ఆర్టిస్టుల కోసం వెతుక్కునే పని లేదు. తమ పేరు పడే గేమ్ ఒక్కటైనా చేయాలని ఎదురుచూసేవాళ్లు గచ్చిబౌలి, మాదాపూర్‌లలోనే బోలెడుమంది ఉన్నారు.