షాపులో పొద్దంతా కూర్చునే పని.. షుగర్ రాకుండా ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నా వయసు 43. ఖమ్మంలో బట్టల షాపు నడుపుతున్నాను. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము కొలత 98 సెంటీమీటర్లు. పోయిన నెల ఒక హెల్త్ క్యాంపులో టెస్టులు చేయించుకుంటే పరగడుపు షుగర్ 112, హెచ్‌బీఏ1సీ 6.1, ట్రైగ్లిజరైడ్స్ 232, బీపీ 136/88 వచ్చాయి. మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకు షాపు తీస్తే రాత్రి తొమ్మిదిన్నర దాకా గల్లా దగ్గరే కూర్చుంటాను. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చునేసరికి పదిన్నర. క్యాంపు తర్వాత పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో తేనె, నిమ్మరసం కలుపుకొని తాగుతున్నాను. టిఫిన్ మానేసి రాగి జావ మొదలుపెట్టాను. రాత్రి అన్నం బదులు చపాతీలు తింటున్నాను. లకారం చెరువు కట్ట మీద రోజూ పదివేల అడుగులు నడవాలని మొదలుపెట్టి, వారం తిరక్కుండానే వదిలేశాను. మాత్రల దాకా పోకుండా ఉండాలంటే రోజూ ఏమేం చేయాలి? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు మీ రిపోర్టు సంగతి చూద్దాం. మీకు షుగర్ వ్యాధి ఇంకా రాలేదు, కానీ వచ్చే దారిలో ఉన్నారు. పరగడుపు షుగర్ 100 లోపు ఉండాలి, 126 నుంచి వ్యాధి కింద లెక్క. హెచ్‌బీఏ1సీ అంటే గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు. అది 5.7 లోపు ఉండాలి, 6.5 నుంచి వ్యాధి. మీ అంకెలు రెండూ ఈ మధ్యలో ఉన్నాయి. ఈ దశను ప్రీడయాబెటిస్ అంటాం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే అంచనా ప్రకారం మన దేశంలో ఈ దశలో ఉన్నవాళ్లు 13.6 కోట్ల మంది. కాబట్టి మీరొక్కరే కంగారు పడాల్సిన పని లేదు. అలాగని రిపోర్టును బీరువాలో పెట్టి మరిచిపోయే సంగతీ కాదు.

మీరు రాసిన అంకెలన్నిటిలో నాకు ముందు కనబడింది నడుము కొలత. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటాం. మీది 98. ఎత్తుకూ బరువుకూ లెక్క కడితే మీ బీఎంఐ 27.6 వస్తుంది. మనవాళ్లకు 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క. పొట్ట లోపల, కాలేయంలో పేరుకున్న కొవ్వు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. షుగరూ, రక్తంలో ఒక రకం కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్సూ, బీపీ మూడూ కలిసి పెరగడం వెనుక చాలామందిలో ఉండేది ఇదే. అందుకని ఒక్కోదానికి ఒక్కో చిట్కా వెతుక్కోకండి. నడుము తగ్గితే మిగతావీ దాని వెనకాలే దిగుతాయి.

ఎంత తగ్గాలి? ఐదారు కిలోలు చాలు. అమెరికాలో చేసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతమే తగ్గింది. చెన్నై పరిశోధకులు మనవాళ్ల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో అలవాట్ల మార్పుతో 28.5 శాతం, మాత్రతో 26.4 శాతం తగ్గింది. మన దగ్గర ఫలితం తక్కువే, కానీ అలవాట్లు మాత్రకు ఏమీ తీసిపోలేదు. మాత్రల దాకా పోకూడదన్న మీ కోరిక అత్యాశేం కాదు.

అయితే ఒక్కటి గమనించండి. తేనె నీళ్లు, జావ, చెరువు కట్ట.. మీరు మొదలుపెట్టినవి చాలావరకు షాపు షట్టర్ లేపేలోపే అయిపోయేవి. మీకు చేటు జరుగుతున్నది షట్టర్ లేపిన తర్వాత. ఆ పన్నెండు గంటలనూ, పదిన్నర భోజనాన్నీ ముట్టుకోకుండా పొద్దున అరగంట ఎంత కష్టపడినా ఫలం అంతంతమాత్రమే.

కూర్చోవడం దగ్గర మొదలుపెడదాం. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కండరాలు. తొడలు, పిక్కలు కదులుతున్నప్పుడు అవి ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లోపలికి లాక్కుంటాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఆ పని మందగిస్తుంది. తిన్నది రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. అందుకే అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ తిరగమంటాం. ఇది మీ షాపులో చాలా తేలిక. కస్టమర్ చీర చూపించమంటే మీరు గల్లా దగ్గర కూర్చునే “పై అరలోది తియ్యిరా” అని కుర్రాడికి చెబుతుంటారు కదా? కొన్నిసార్లయినా మీరే లేవండి. వాళ్లు వెళ్లాక పరిచిన చీరలు మీరే మడతపెట్టి అరల్లో సర్దండి. హోల్‌సేల్ వాళ్ల ఫోన్లన్నీ నిలబడో, నడుస్తూనో మాట్లాడండి. ఓనరు పనిచేస్తే బాగుండదనుకుంటారేమో, షాపులో కుర్రాళ్లు మీ కన్నా సన్నగా ఎందుకున్నారో ఒకసారి చూసుకోండి.

మధ్యాహ్నం క్యారియర్ తిన్న వెంటనే పది, పదిహేను నిమిషాల నడక మాత్రం ఏ రోజూ మానకండి. తిన్నాక గంటా గంటన్నరలో చక్కెర బాగా పెరుగుతుంది. అది పెరిగేలోపే కాళ్లు కదిలితే అంత పైకి పోదు. ఖమ్మం ఎండల్లో మధ్యాహ్నం రెండింటికి రోడ్డెక్కమని నేను చెప్పను. షాపు లోపలే ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగినా చాలు. రాత్రి తిన్నాక కూడా అంతే. పూటకు పదిహేను నిమిషాలు నడిస్తే, ఈ రెండు పూటలవి కలిపితేనే వారానికి 150 నిమిషాలు దాటతాయి. కాకపోతే కాస్త వేగంగా, మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత చురుగ్గా నడవాలి. పదివేల అడుగుల లెక్క 1960ల్లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) ప్రచారంతో ఊరూరా పాకింది. వైద్యులు కొలిచి పెట్టిన హద్దు కాదది. అంతకన్నా తక్కువ నడిచినా మేలు ఉంటుంది. పెద్ద అంకె పెట్టుకుని వారంలో వదిలేయడం కన్నా ఇది నయం.

వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని కూడా ఉండాలి. దానికి జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పది పదిహేనుసార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకు వంచి, మళ్లీ వెనక్కి నెట్టండి. రెండూ రెండు మూడు విడతలు.

ఇక తిండి. మీ లేఖలో చాయ్ మాట ఎక్కడా లేదు. బట్టల షాపులో చాయ్ లేకుండా బేరం సాగదని నాకు తెలుసు. కస్టమర్ వస్తే ఒకటి, ఏజెంట్ వస్తే ఒకటి. రోజుకు ఐదు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చొప్పున పది చెంచాల చక్కెర అంటే 40 నుంచి 50 గ్రాములు. 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చాయ్ మానమనను. రెండు కప్పులకు దించి, వారానికి అర చెంచా చొప్పున చక్కెర తగ్గించుకుంటూ రండి. నాలుగైదు వారాల్లో నాలుక అలవాటు పడిపోతుంది. పక్కన బిస్కెట్లు మాత్రం పెట్టుకోకండి. తేనె నీళ్లతో కొవ్వేమీ కరగదు. పెద్ద చెంచా తేనెలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే పరగడుపునే చక్కెర తాగి రోజు మొదలుపెడుతున్నారు. నిమ్మరసం ఒక్కటే పిండుకోండి, లేదా మంచినీళ్లు తాగండి. బెల్లం చాయ్ కూడా ఇంతే.

రాగి జావ గురించి చెబితే చాలామందికి నచ్చదు. రాగులు మంచివే, కాల్షియం బాగా ఉంటుంది. కానీ మెత్తగా పట్టించిన పిండిని పలుచగా కాచి తాగితే నమిలే పని ఉండదు, కడుపులో నిలవదు, చక్కెర త్వరగా పెరుగుతుంది. మీలాంటివాళ్లకు జావ కన్నా రాగి సంగటో, జొన్న రొట్టో కూరతో కలిపి తినడం మేలు. పొద్దున టిఫిన్‌కు పెసరట్టును మించింది నాకైతే తట్టడం లేదు, అందులో ఉప్మా పెట్టకపోతే. గుడ్లు తినేవాళ్లయితే రెండు ఉడికించిన గుడ్లు, ఒక దోసె. ఇడ్లీ తింటే మూడు ఇడ్లీలు, గిన్నె నిండా కూరగాయల సాంబారు.

చపాతీల విషయంలోనూ ఒక అపోహ ఉంది. కప్పు అన్నంలో ఎంత పిండిపదార్థం ఉంటుందో రెండు మామూలు చపాతీల్లోనూ దాదాపు అంతే ఉంటుంది. అన్నం మానేశాను కదా అని నూనె వేసి కాల్చిన చపాతీలు ఐదు తింటే లాభమేంటి? అన్నమా చపాతీయా అన్నది వదిలేసి పళ్లెం చూసుకోండి. సగం కూరలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, శనగలు, గుడ్డు, చేప లాంటివి. మిగిలిన పావు వంతే అన్నమో రొట్టో. మన అలవాటు తలకిందులుగా ఉంటుంది. గుట్టంత అన్నం, దాన్ని కలుపుకోవడానికి రెండు చెంచాల కూర. తినే వరుస కూడా మార్చి చూడండి. ముందు కూరముక్కలు, పప్పు కొంత తినేసి తర్వాత అన్నం కలుపుకుంటే, అదే భోజనానికి చక్కెర తక్కువగా పెరుగుతుంది.

మీ దినచర్యలో ఒక్కటే మార్చమంటే రాత్రి భోజనం వేళ మారుస్తాను. పదిన్నరకు కడుపు నిండా తిని పదకొండున్నరకు పడుకుంటే, ఒంట్లో ఇన్సులిన్ పనితనం తగ్గే వేళకు పెద్ద బరువు మోపినట్టే. మధ్యాహ్నం వచ్చినట్టే రాత్రి క్యారియర్ కూడా ఏడున్నర, ఎనిమిదికి షాపుకే తెప్పించుకోండి. “అందరం కలిసి తినేది ఆ ఒక్క పూటే కదా” అని ఇంట్లో అంటారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. అలాంటప్పుడు రొట్టె, పప్పు షాపులో తినేసి, ఇంట్లో పిల్లలతో కూర్చుని కాసిన్ని కూరముక్కలు, గ్లాసు మజ్జిగ తీసుకోండి. పండగ సీజన్లో, పెళ్లిళ్ల సీజన్లో ఎనిమిదింటికి తల ఎత్తే తీరిక ఉండదు. ఆ రోజుల్లో ఆరింటికి బజ్జీలు, పునుగులు తెప్పించే బదులు గుప్పెడు వేయించిన శనగలో, ఉడకబెట్టిన పల్లీలో తినండి. రాత్రి ఆకలి సగానికి తగ్గుతుంది.

ఇక బీపీ సంగతి. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటకూడదు. వంటలో వేసేది కాక ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలతో మనకు తెలియకుండానే హద్దు దాటిపోతుంది. పచ్చడి మానమని మీ ఇంట్లో చెడ్డపేరు తెచ్చుకోను. పూటకు వద్దు, రోజుకు ఒక చిన్న ముక్క చాలు. మజ్జిగలో, పెరుగన్నంలో మళ్లీ ఉప్పు కలపకండి. క్యాంపుల్లో హడావుడిగా చూసిన బీపీని బట్టి తేల్చలేం. చాయ్ తాగి అరగంట గడిచాక, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి, చేతికి సరిపడే పట్టీతో వారం రోజులు ఇంట్లో చూసి రాసుకోండి. ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే డాక్టర్‌కు చూపించాలి.

నిద్ర ఏడు గంటలు పట్టాలి. గట్టిగా గురక పెడతారని, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందని మీ ఆవిడ చెబితే నవ్వి ఊరుకోకండి, దానికి పరీక్ష ఉంది. మందు సంగతి మీరు రాయలేదు. తాగే అలవాటుంటే మీ ట్రైగ్లిజరైడ్స్‌కు దానిలో వాటా ఉండొచ్చు, మానేయడమే మంచిది. సిగరెట్, గుట్కా ఉంటే ఈ జాబితా అంతటికన్నా ముందు అవి మానాలి.

నడిచేటప్పుడు ఛాతీలో బరువుగా పట్టేసినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా అక్కడితో ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకూడదు. 108కు ఫోన్ చేయండి.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. అంతకన్నా ముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనబడదు. ఎందుకంటే హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది. 5.7 వైపు దిగుతుంటే ఇదే కొనసాగించండి, తర్వాత ఏడాదికోసారి చూసుకుంటే సరిపోతుంది. 6.5కు చేరితే మాత్రలు మొదలుపెట్టాల్సి రావచ్చు. అప్పుడు కూడా ఈ అలవాట్లు ఉంటే తక్కువ మోతాదుతో సరిపోయే అవకాశం ఉంది. ఈలోగా ఇంట్లో నాన్నగారి మెట్‌ఫార్మిన్ ఉంది కదా అని మీరూ ఒకటి వేసుకోకండి. అది ఇచ్చే ముందు మీ కిడ్నీల పనితీరు చూడాలి, మోతాదు మీ డాక్టర్ నిర్ణయించాలి.