ఫోర్త్ అంటే నాలుగా, ముందుకా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పాటు పంపిన వ్యాసం అందాయి. కంప్యూటర్ భాషల గురించి తెలుగులో రాయాలని పూనుకున్నందుకు ముందుగా సంతోషం. ఈ పని చేసేవాళ్ళు తక్కువ, కావలసినవాళ్ళు ఎక్కువ. అందుకే నీ వ్యాసాన్ని మొహమాటం లేకుండా చదివాను.

మూడో పేరాలో “ముందుకు అనే భాషను చార్లెస్ మూర్ రూపొందించారు” అని రాశావు. నా పెన్సిలు అక్కడ ఆగింది. నిఘంటువు చూసే రాశావని తెలుస్తూనే ఉంది. ఇంగ్లీషులో ‘ఫోర్త్’ అనే క్రియావిశేషణానికి ముందుకు అనే అర్థం ఉన్నమాట నిజమే. అయితే ఇక్కడ ‘ఫోర్త్’ ఒక కంప్యూటర్ భాష పేరు, పేరును పేరుగానే ఉంచాలి. మూర్‌తో కలిసి ఆ భాషను పెంచి పోషించిన ఎలిజబెత్ రాథర్ గురించి కూడా రాశావు కదా. ఆమె ఇంటిపేరు కూడా ఇంగ్లీషులో రోజూ వాడే క్రియావిశేషణమే. దాన్ని తెలుగు చేయాలని నీకు తోచనే లేదు. మనిషి పేరు దగ్గర ఉన్న జాగ్రత్త భాష పేరు దగ్గర జారిపోయింది, అంతే.

పైగా ఈ పేరు ‘ముందుకు’ నుంచి పుట్టింది కాదు. తన సాఫ్ట్‌వేర్ నాలుగో తరం కంప్యూటర్లకు తగినదని మూర్ భావించి, నాలుగో అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటనే పెట్టదలచుకున్నారు. 1960ల చివర ఆయన పనిచేస్తున్న ఐబీఎం 1130 కంప్యూటర్ ఫైలు పేరులో ఐదు అక్షరాలకు మించి ఒప్పుకునేది కాదు. ఆ మాటకు ఆరు అక్షరాలు. మధ్యలోని ‘యూ’ తీసేశారు. మిగిలిన ఐదు అక్షరాలూ అప్పటికే ఇంగ్లీషులో ఉన్న మరో మాట అయ్యాయి. తెలుగు లిపిలో మనకు ఇంకో చిక్కు ఉంది. నాలుగో అన్నా, ముందుకు అన్నా, రెండూ ‘ఫోర్త్’ అనే రాస్తాం. చాలా ఏళ్ళ క్రితం నేను ఒక పత్రికకు పంపిన వ్యాసంలో ‘ఫోర్త్ భాష’ అచ్చులో ‘నాలుగో భాష’ అయి కూర్చుంది. దిద్దినవారిని తప్పు పట్టలేను. ఆ మాట మొదటిసారి వచ్చిన చోటే అది పేరు అని నేను చెప్పి ఉండాల్సింది. నువ్వు ఆ పని మొదటి వాక్యంలోనే చెయ్యి. ఆ ఐదక్షరాల కథ కూడా అక్కడే చెబితే పాఠకుడు ఇక మరచిపోడు.

పేరు సంగతి అలా ఉంచి, మామూలు మాటగా వచ్చినప్పుడైనా ఈ ‘ఫోర్త్’ను ముందుకు అని మార్చేస్తే సరిపోదు. “సమాచారం రెండు యంత్రాల మధ్య వెనక్కి మరియు ముందుకు ప్రయాణిస్తుంది” అన్నావు. మన ఇళ్ళలో ఎవరైనా గాభరాగా తిరుగుతుంటే ఏమంటాం? అటూ ఇటూ తిరుగుతున్నాడంటాం. జాబితా చివర వచ్చే ‘ఫోర్త్’ మనకు వగైరా అవుతుంది, లేదా మొదలైనవి. ప్రయాణం కట్టినవారి దగ్గర బయలుదేరడం అవుతుంది. ఒక తేదీ పక్కన వస్తే ‘ఆనాటి నుంచి’ అవుతుంది. వీటిలో ఎక్కడా ‘ముందుకు’ లేదు. నిఘంటువు ఇచ్చేది ఆ మాట అర్థాల్లో ఒకటి. వాక్యంలో ఆ మాట ఏ పని చేస్తున్నదో చూసి, ఆ పనికి మన దగ్గర ఏ మాట ఉందో వెతుక్కోవాలి.

ఇక నన్ను నిజంగా నొప్పించిన వాక్యానికి వస్తాను. “ఫోర్త్‌లో లెక్కలు తలకిందులుగా, వింత వరుసలో రాయాలి” అన్నావు. ఎవరికి తలకిందులు? మూడూ నాలుగూ కలపాలంటే ఫోర్త్‌లో ఇలా రాస్తారు:

3 4 + .

ముందు అంకెలు, చివర పని. ఇంగ్లీషువాడు ‘కలుపు’ అనే మాటను ముందు చెప్పి తర్వాత అంకెలు చెబుతాడు కాబట్టి వాడికిది వింత. మనం “మూడూ నాలుగూ కలుపు” అంటాం. మన క్రియ ఎప్పుడూ చివరనే కదా! ఆ వింత ఇంగ్లీషు వ్యాసంలో చదివి నీ వాక్యంలోకి దిగింది, నీ చెవికి తోచింది కాదు.

ఇక్కడ జరిగేది కూడా నిదానంగా చూపించు. 3 అనగానే అది ఒక దొంతర మీద చేరుతుంది. 4 దాని పైన కూర్చుంటుంది. + వచ్చి పైనున్న రెండింటినీ తీసుకుని, వాటి స్థానంలో 7 పెడుతుంది. చివరి చుక్క ఆ 7ను తీసి తెర మీద చూపుతుంది. నువ్వు వాడిన ‘స్టాక్ డేటా నిర్మాణం’ కంటే దొంతర ఎంత హాయిగా ఉందో చూడు. విస్తరాకుల దొంతరలో పైది తీస్తేనే కిందిది చేతికి వస్తుందని మన పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

ఫోర్త్‌లో రాసే ప్రతి చిన్న పనినీ ‘పదం’ అంటారు, పదాలన్నీ ఉండే చోటును ‘నిఘంటువు’ అంటారు. కొత్త పదాన్ని రెండు చుక్కలతో మొదలుపెట్టి అర్ధవిరామంతో ముగిస్తారు. ఖాళీ తప్ప ఏ గుర్తునైనా పదం పేరులో వాడవచ్చు. ఫోర్త్ ప్రోగ్రాములను నడిపే ఈనాటి సాఫ్ట్‌వేర్ జీఫోర్త్‌లో తెలుగు అక్షరాలు కూడా చెల్లుతాయి కాబట్టి ఇలా రాసి చూడు:

: కలుపు + ;
: చూపు . ;
3 4 కలుపు చూపు

తెర మీద 7 వస్తుంది. ఆ చివరి వరుస నడిచే ప్రోగ్రాము, అచ్చమైన తెలుగు వాక్యం కూడా. ఇంత విలువైన సంగతి చేతిలో ఉంచుకుని వింత వరుస అంటే నాకు బాధ కాదా?

షరతులదీ ఇదే తీరు. చాలా భాషల్లో ‘ఇఫ్’ ముందు వస్తుంది, షరతు తర్వాత. ఫోర్త్‌లో షరతు చెప్పాకే ‘ఇఫ్’ వస్తుంది. “వాన పడితే” అన్నప్పుడు మన ‘తే’ కూడా పడడం తర్వాతే వస్తుంది. అక్కడ ‘దెన్’ అనే మాట ఇంకో క్రియావిశేషణం. నువ్వు దాన్ని ‘అయితే’ అన్నావు. ఫోర్త్‌లో అది షరతు పని ముగిసిన చోట వస్తుంది. ‘ఆ తర్వాత’ అనాలి.

అరిజోనాలోని కిట్ పీక్ రేడియో టెలిస్కోప్‌ను 1970ల్లో ఈ భాషతో నడిపిన సంగతి బాగా రాశావు. 2014 నవంబరు 12న తోకచుక్క 67పీ మీద దిగిన ఫిలే నౌకలో ఫోర్త్ కోసమే తీర్చిన ఆర్‌టీఎక్స్ 2010 ప్రాసెసర్లు ఉన్న విషయం మాత్రం చివరి పేరాలో ఒక మూలకు నెట్టేశావు. దానికి చోటు పెంచు.

వ్యాసం మళ్ళీ రాయడానికి ముందు పైన రాసిన మూడు వరుసలూ నీ కంప్యూటర్‌లో స్వయంగా కొట్టు. 7 కనిపించాక ఆ వింత వరుస పేరా దగ్గర కూర్చో. ఈసారి ఇంగ్లీషు వ్యాసం మూసేసి రాయి. రాసింది రాసినట్టు నాకు పంపు, ఎదురుచూస్తూ ఉంటాను.

ఆశీస్సులతో