గుడారం లోపల బంగారం, బయట ఇత్తడి ఎందుకు?

బైబిల్లోని నిర్గమకాండం వర్ణించే ప్రత్యక్షపు గుడారంలో (ఇశ్రాయేలీయులు వెంట తీసుకెళ్లిన ఆరాధనా గుడారం), లోపలి గదిలోని మందసానికి (దేవుని ఆజ్ఞల పలకలుంచిన పెట్టె) మేలిమి బంగారు రేకు, ఆవరణలోని బలిపీఠానికి ఇత్తడి రేకు తొడిగించారు. కారణం గ్రంథం చెప్పదు. అయితే దేవుని సన్నిధికి చేరువయ్యేకొద్దీ లోహం విలువ పెరగడం ఆ స్థలపు పవిత్రతకు సూచన అని వ్యాఖ్యాతలు భావిస్తారు.

వెండి సంగతి మరింత స్పష్టం. జనసంఖ్య లెక్కించినప్పుడు 20 ఏళ్లు నిండిన ప్రతి పురుషుడూ, ధనికుడైనా పేదవాడైనా, ప్రాణవిమోచనార్థం సమానంగా చెల్లించిన అరతులం (అర షెకెలు) వెండితోనే 100 దిమ్మలు (అడుగు పీఠాలు) పోతపోసి, వాటిపై గుడారపు పలకలను, అడ్డతెర స్తంభాలను నిలిపారు. బంగారం కంటే ఈ వెండిలోనే భావం లోతుగా ఉందని నా అభిప్రాయం.

బంగారమే సర్వస్వమనుకోవడమూ సరికాదు: లేవీయకాండం 16వ అధ్యాయం ప్రకారం, ప్రజల పాపాల కోసం ఏటా జరిపే ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు మందసం ఉండే అతిపరిశుద్ధ స్థలంలోకి రత్నఖచితమైన పతకంతో కాక సాదా నారబట్టలతో ప్రవేశించేవాడు.