స్నేహితులతో ఇటలీ తీరంలో కొండదారుల నడక: వారం సరిపోతుందా?

"నలుగురు స్నేహితులం వెళ్తున్నాం. చింక్వే తెర్రె, అమాల్ఫీ, వీలైతే రోమ్ కూడా చూడాలి. కొండదారుల్లో నడవాలని కూడా ఉంది. వారం సరిపోతుందా?" అని ఒకరు రాసి అడిగారు.

సరిపోదు. రోమ్‌నూ, దక్షిణాన దూరంగా ఉన్న అమాల్ఫీనీ కొట్టేయండి, అప్పుడు సరిపోతుంది. తొందరలో ఉన్నవారు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఇక రాసేదంతా నా గొడవ.

మేమూ నలుగురమే వెళ్లాం, సెప్టెంబరు చివరి వారంలో. గుంటూరులో కలిసి ఇంజినీరింగు చదివిన వాళ్లం. నేను మ్యూనిక్‌లో ఉంటాను, మిగిలిన ముగ్గురూ తలా ఒక దిక్కు నుంచి మిలాన్ చేరారు. పేర్లు రాస్తే ఊరుకోరు కాబట్టి అప్పటి ముద్దుపేర్లతోనే చెబుతాను: లెక్కలాయన, డాక్టర్, బావ. డాక్టర్ అసలు డాక్టరు కాదు, ఎవరికి తుమ్ము వచ్చినా మాత్ర చెప్పే అలవాటు. బావ ఎవరికీ బావ కాదు, అందరికీ బావే.

లెక్కలాయన కంప్యూటర్‌లో ఒక పట్టిక చేసుకొచ్చాడు. ఉదయం 8:10కి ఫలానా రైలు, 9:00 నుంచి 11:00 వరకు ఫలానా దారి, 11:15కి ఫోటోలు. "మొదటి రోజే అయిదు ఊళ్లూ కవర్ చేసేద్దాం" అన్నాడు. ఈ కవర్ చేయడం అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఊళ్లేమైనా దుప్పటి కప్పాల్సిన పసిపిల్లలా?

తెలియనివారి కోసం ఒక్క ముక్క. చింక్వే తెర్రె అంటే ఇటలీ వాయవ్యాన లిగూరియా అనే ప్రాంతపు తీరంలో కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న అయిదు ఊళ్లు: మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె. ఈ అయిదూ ఒకే రైలు మార్గం మీద ఉంటాయి, ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణం నాలుగైదు నిమిషాలు. అందులోనూ చాలా భాగం సొరంగాలే. రెండు సొరంగాల మధ్య సముద్రం ఇలా మెరిసి అలా మాయమవుతుంది. ఒక్క పూటలో అయిదు ఊళ్లూ చూసి వచ్చామనేవాళ్లు నిజానికి చూసింది అయిదు ప్లాట్‌ఫారాలు. బస మాత్రం ఆ అయిదింటిలో వద్దు. పక్కనే ఉన్న లేవంతోలో దిగండి. చదునైన ఊరు, మంచి ఇసుక తీరం ఉంది, పెట్టె ఈడ్చుకుంటూ మెట్లెక్కే పని లేదు.

రైలు మాట వచ్చింది కాబట్టి: ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్‌ను ప్లాట్‌ఫారం మీది చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మాకు తెలియదు. టికెట్ కొన్నాం, జేబులో పెట్టుకున్నాం, దర్జాగా కూర్చున్నాం. తనిఖీకి వచ్చినాయన నలుగురికీ జరిమానా రాశాడు. దొరల్లా టికెట్ కొని దొంగల్లా డబ్బు కట్టాం. ఆ జరిమానాకు పట్టికలో గడి లేదని లెక్కలాయన రెండు రోజులు బాధపడ్డాడు.

ఇక అసలు సంగతి. మూడో రోజు మనరోలా నుంచి కోర్నీల్యాకు నడిచాం. తీరం వెంబడి ఉండే సులువైన దారి అప్పుడు మూసి ఉంది. అక్కడ కొండచరియలు జారడం మామూలే. రియోమజ్జోరె, మనరోలాల మధ్య ప్రేమికుల దారి అనే చక్కటి బాట ఉంది. 2012లో రాళ్లు పడి కొందరు గాయపడితే దాన్ని మూసేశారు, పూర్తిగా తెరిచింది 2024లో. మనరోలా, కోర్నీల్యాల మధ్య తీరం దారి కూడా మూసి ఉండటంతో మేము పై దారి పట్టాం. మనరోలా వెనక నుంచి వొలాస్త్రా అనే చిన్న ఊరికి ఎక్కి, అక్కడి నుంచి ద్రాక్షతోటల గట్ల వెంట కోర్నీల్యాకు దిగాలి. వొలాస్త్రా సముద్రమట్టానికి మూడు వందల మీటర్లకు పైన ఉంటుంది. ఎక్కడమంతా రాతిమెట్లే.

"అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాడిని, ఇదెంత?" అన్నాడు బావ. అలిపిరి దారికి పైన కప్పు ఉంటుంది, మెట్టు మెట్టులా ఉంటుంది, దారి పొడవునా ఉప్పూకారం చల్లిన మామిడిముక్కలు దొరుకుతాయి. ఇక్కడ ఒక మెట్టు చీలమండ దాకా, తరువాతిది మోకాలి దాకా. పైన సూర్యుడు. పావుగంటకల్లా బావ మాట్లాడటం మానేశాడు. బావ మాట్లాడటం లేదంటే ఏదో తేడా జరిగిందని మాకు తెలియాలి. తెలియలేదు. వెనక్కి తిరిగి "వస్తున్నావా?" అని కేకేయడం, దూరం నుంచి చెయ్యి ఊగడం, మళ్లీ నడవడం. పట్టిక ప్రకారం పన్నెండున్నరకు కోర్నీల్యాలో భోజనం.

మేము ముగ్గురం పన్నెండూ ముప్పై అయిదుకు చేరాం. లెక్కలాయన మొహం వెలిగిపోయింది. ఒంటిగంట అయింది, బావ రాలేదు. ఫోను మోగడం లేదు. ఒంటిగంటన్నరకు డాక్టర్ "నీళ్లు తక్కువై పడిపోయి ఉంటాడు" అని రోగం తేల్చాడు. నేను వచ్చిన దారినే వెనక్కి ఎక్కాను. ప్రతి మలుపు దగ్గరా పొదల్లోకి తొంగి చూడటం, పేరు పెట్టి అరవడం. వాళ్ల అమ్మగారికి ఫోను చేసి ఏమని చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఆ వాక్యాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

వొలాస్త్రాకు కొంచెం ఇవతల, దారి కింది గట్టు మీద కనిపించాడు. చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, బనియనుతో రాళ్లు మోస్తున్నాడు. పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని కూలిన గోడను మళ్లీ కడుతున్నాడు.

ఆ కొండలన్నీ మెట్లుమెట్లుగా ఉండేది ఈ గోడల వల్లే. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి, అంతే. ముందు వరసలో పెద్ద రాళ్లు, వెనక చిన్న రాళ్లు గుప్పిళ్లకొద్దీ కూరుతారు. వాననీరు ఆ సందుల్లోంచి కారిపోతుంది కాబట్టి గోడ ఉబ్బదు. సిమెంటు పూస్తే నీరు వెనకే నిలిచి గోడను తోసేస్తుంది. పిల్లలు పట్నాలకు పోయి, తోటలు బీడుపడి, గోడలను పట్టించుకునేవాళ్లు తగ్గితే కొండ జారుతుంది. 2011 అక్టోబరు 25న వచ్చిన వరదలో వెర్నాత్సా, మోంతెరోస్సో వీధులు బురదతో నిండిపోయాయి. ఈ గోడలను వదిలేయడం కూడా దానికి ఒక కారణమని నా గట్టి నమ్మకం. వాన ఎక్కువ పడింది కదా అంటే వినను.

నేను పైనుంచి తిట్టడం మొదలుపెట్టాను, అచ్చ తెలుగులో. పెద్దాయన తలెత్తి "ప్యానో, ప్యానో" అన్నాడు. మెల్లగా, మెల్లగా అని. నా చేతికీ ఒక రాయి ఇచ్చాడు. అది ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. పెట్టాను. తల అడ్డంగా ఊపి, తీసి, తిప్పి, మళ్లీ పెట్టాడు. రాయికి ఒక మొహం ఉంటుందట, అది బయటికి ఉండాలట. ఇదంతా సైగలతోనే. బావ మాత్రం మేస్త్రీలా "అటు కాదురా, కొంచెం లోపలికి" అని నన్ను సరిచేస్తున్నాడు. మెట్ల దగ్గర కళ్లు తిరిగి కూర్చుంటే పెద్దాయన నీళ్లూ ద్రాక్షగుత్తీ ఇచ్చాడట. ఊరికే తినడం బాగుండదని రాళ్లు అందించడం మొదలుపెట్టాడట. ఇంటికి చుట్టాలు వచ్చినా మంచినీళ్ల గ్లాసు అందివ్వని మనిషి!

ముప్పావుగంట అక్కడే ఉన్నాను. పక్కనే ఒంటిపట్టా మీద నడిచే బుల్లి ఇనపబండి ఉంది. కోసిన ద్రాక్షబుట్టలను కొండ మీదికి లాగడానికి అక్కడివాళ్లు దాన్నే వాడతారు. మమ్మల్ని కూడా అందులో పైకి పంపుతావా అని బావ సైగ చేశాడు. పెద్దాయన నవ్వి బావ పొట్ట వైపు చూపించాడు.

మేమిద్దరం కోర్నీల్యా చేరేసరికి నాలుగున్నర దాటింది. మిగతా ఇద్దరూ మా వంతు భోజనం కూడా తినేశారు. పైగా మమ్మల్నే కోప్పడ్డారు.

ఆ రాత్రి నేనొక నియమం పెట్టాను: అందరికంటే మెల్లగా నడిచేవాడే ముందు నడవాలి. చురుకైనవాళ్లు వెనక. కావాలంటే వాళ్లు ఫోటోలు తీసుకుంటూ కాలక్షేపం చేస్తారు, మెల్లగా నడిచేవాడు మాత్రం తరుముకుంటూ నడవనక్కరలేదు. నాకు తెలిసి ఎన్ని స్నేహాలు చెడిపోయినా ప్రయాణాల్లో ఈ ఒక్క కారణానికే చెడిపోతాయి. డబ్బు గొడవలనేవి పైకి చెప్పుకునే సాకులు. లేవంతో నుంచి సముద్రంలోకి పొడుచుకొచ్చిన మెస్కో కొన మీదుగా మోంతెరోస్సోకు మామూలుగా మూడు గంటల దారి. బావ ముందు నడవగా మాకు అయిదు గంటలు పట్టింది. లెక్కలాయన పట్టిక తెరవలేదు.

తిండి గురించి కూడా అడుగుతారని తెలుసు. ఫరినాత అని శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. మన శనగపిండి అట్టుకు దూరపు చుట్టం. గుడ్డు ఉండదు. బావ దాని మీద వెల్లుల్లి కారం చల్లుకుని తిన్నాడు. పక్క బల్లవాళ్లు అడిగి మరీ రుచి చూసి, నీళ్ల సీసా ఖాళీ చేశారు. బావ శాకాహారి కాబట్టి వారమంతా పెస్తో అనే బేసిల్ ఆకు పచ్చడి మీదే బతికాడు. అందులో వేసే పార్మిజానో అనే చీజ్ కోసం పాలను దూడ కడుపులోని ద్రవంతో విరగబెడతారని డాక్టర్ ఆఖరి రోజు రైల్లో చెప్పాడు. అప్పటిదాకా ఎందుకు దాచాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కచ్చితంగా పాటించేవారు ముందే అడిగి తెలుసుకోండి.

చెప్పులతో కొండదారులు ఎక్కకండి. జరిమానా ఉంటుందని 2019లోనే హెచ్చరించారు, జరిమానా లేకపోయినా ఎక్కకండి. వొలాస్త్రాకు మనరోలా నుంచి బస్సు ఉంది. మాకు ఆ సంగతి ఎక్కాక తెలిసింది. పైదాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి కోర్నీల్యాకు తోటల్లోంచి దిగండి, అందమంతా ఆ భాగంలోనే ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దిగడమే ఎక్కువ కష్టం, చేతికర్ర ఉంచుకోండి.

మీ నలుగురిలో అందరికంటే మెల్లగా నడిచేది ఎవరో చెప్పలేదు. అది రాస్తే ఏ రోజు ఏ దారో నేను చెబుతాను.